ఉన్ని టోపీలు, కలరా ఉండలు

ఉద్యోగంలో ఆఖరి ఏడాది, భిలాయి ఉక్కు ప్లాంటు స్టోర్స్ విభాగంలో సీనియర్ మేనేజరుగా ఉంటూ, ఓడ నిండా పసిబిడ్డల బట్టలు ఆఫ్రికాకు పంపించాను. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, పొద్దుటి నడకలో చెప్పాను, చివరికి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను. ఓడ మాట నిజమే. అందులో మా సరుకు మాత్రం ఎవరిదో కంటైనర్‌లో ఒక మూల సర్దిన అట్టపెట్టెలు. మా క్వార్టర్ హాల్లో పట్టినన్ని. రాతలో కోత నిలవదు గనక ముందే ఒప్పుకుంటున్నాను.

రోలింగ్ మిల్లులో చార్జ్‌మన్‌గా చేసే డేవిడ్‌ది శ్రీకాకుళం వైపు. అతని మేనకోడలు ఎస్తేరు తూర్పు ఆఫ్రికా కొండల్లో ఒక అనాథ శిశుగృహంలో నర్సు. అక్కడ వానలు మొదలైతే ఎముకలు కొరికే చలి. గుమ్మంలో ఎవరో వదిలిపోయిన పసికందులకు కప్పడానికి పాత తువ్వాళ్లే గతి. ఆ అమ్మాయి ఫోన్‌లో పంపిన మాటను డేవిడ్ నాకు వినిపించాడు. "మామయ్యా, కొత్తవే అవ్వాలని లేదు. ఎచ్చగా ఉంటే చాలు. చలి ముదిరీలోగా రావాల, అంతే."

నాకొదిలెయ్యమన్నాను. సరుకు దించుకోవడం, పరీక్షించడం, భద్రపరచడం, పంపడం... జీవితమంతా నేను చేసింది అదే.

టౌన్‌షిప్ సెక్టార్లలో, పక్కనున్న మరోదా కాలనీలో మన తెలుగు ఆడవాళ్లు స్వెటర్లు అల్లారు. సుపేలా బజారులో హోల్‌సేల్ దుకాణం ఆయన ఉన్ని టోపీల కట్ట నా చేతిలో పెట్టి, "లే జాఓ అంకుల్‌జీ, బచ్చోం సే క్యా కమానా" అని, పసిపిల్లల సరుకు మీద లాభం వద్దని కొన్న ధరకే ఇచ్చేశాడు. గంటసేపు బేరమాడి సాధించానని తర్వాత చెప్పుకున్నాను. బేరమే జరగలేదు.

స్టోర్స్‌లో ప్రిజర్వేషన్ అని ఒక మాట ఉంది. సరుకు వాడకంలోకి వెళ్లేదాకా చెడకుండా చూడటం. బేరింగుకు గ్రీజు, రబ్బరు సీలుకు టాల్కం పొడి, ఉన్ని సరుకుకు కలరా ఉండలు. ఇందులో రాజీ ఉండదు. పురుగు కొట్టిన సరుకుకు సంజాయిషీ రాసుకోవలసింది స్టోర్స్ వాడే. ఇవి చూడబోతే వారాల తరబడి సముద్రం మీద పోయే పెట్టెలు. అందుకని మా హాల్లోనే పొరకూ పొరకూ మధ్య కలరా ఉండలు చల్లించి, పాలిథిన్ చుట్టించి, గాలి చొరకుండా టేపు వేయించాను.

డేవిడ్ ముక్కు మూసుకున్నాడు. "ఏటి సార్, ఈ బట్టలు పిల్లలు తొడుక్కుంటారా, చూసి పారిపోతారా?"

"చిల్లులు పడ్డ టోపీ పంపితే మీ మేనకోడలు ఊరుకుంటుందా?" అన్నాను. మా ఆవిడ సుగుణ ఏమీ అనలేదు. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లెవరికీ అంతకుమించి తెలియదు.

పెట్టెలు చలి ముదరకముందే చేరాయి. నేను లడ్డూలు పంచాను. వారం తిరక్కుండా ఎస్తేరు ఫోన్ చేసింది. పెట్టె విప్పిన పూటే అందరికన్నా చిన్నవాడికి, ఇంకా పేరైనా పెట్టనివాడికి, మా స్వెటరూ టోపీ తొడిగారట. వాసన ఉన్నా చలికి ఓర్చుకోవచ్చు అనుకున్నారు. రెండు రోజులకు వాడి కళ్లు పచ్చబడ్డాయి. ఆస్పత్రిలో డాక్టరు స్వెటరు వాసన చూసి వెంటనే విప్పించేశాడు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుందనీ, కలరా ఉండల ఆవిరి తగిలితే వాళ్ల ఎర్రకణాలు చితికిపోతాయనీ చెప్పాడు. రక్తం ఎక్కించారు. బిడ్డ బతికాడు.

ఎస్తేరు నన్ను ఒక్క మాట అనలేదు. "పెద్దవారు, మంచికే చేసినారు. మిగతావి ఉతికి ఆరేస్తన్నాం అంకుల్. ఎండ రావట్లేదు. వాసన పోవట్లేదు" అంది.

ఆ చలికాలమంతా మా టోపీలు దండేల మీద వేలాడాయి. పిల్లలు తువ్వాళ్లలోనే ఉన్నారు. స్వెటర్లు అల్లినవాళ్లు ఫోటోలు అడిగారు. అలాంటి పిల్లల ఫోటోలు బయటికివ్వరని చెప్పాను. అది నిజమే గాని, నేను చూపించకపోవడానికి కారణం అది కాదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటే. సరుకును ఎలా భద్రపరచాలో తేల్చేముందు దాన్ని వాడబోయేది ఎవరో అడగాలి. ఆ పెట్టెల విషయంలో మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

ఇక్కడిదాకా రాసి సుగుణకు చదివి వినిపించాను. వంకాయలు తరుగుతున్న మనిషి కత్తిపీట పక్కకు జరిపింది.

"నేనేటీ అన్లేదా? పురిటిపిల్లల బట్టల్లో కలరా ఉండలేటండీ, మా అమ్మ ఉయ్యాలున్న గదిలో ఆ బీరువా కూడా తెరవనిచ్చీది కాదు అని పెట్టె పెట్టెకీ మొత్తుకున్నాను. 'స్టోర్స్ పని నీకేటి తెలుసు, టేపు అందుకో' అన్నారు. అందించినాను. అది కూడా రాయండి."