కానుగ చెట్టుకు దమ్ము

మా జియావుల్లా చాచాకు ఒకటే పిచ్చి. రోడ్డు పక్క చెట్లకు దమ్ము లేస్తుందని, అంటే మనలాగే ఊపిరాడక ఆయాసం వస్తుందని ఆయన నమ్మకం.

హుజూరాబాద్ బస్టాండు ఎదుట ఆయన బండ్ల సీటు కవర్లు కుడతారు. పక్కన నాది చెప్పుల దుకాణం. పొద్దున షట్టర్ తీయగానే చాచా ముందున్న కానుగకు నిచ్చెన వేసి, తడిగుడ్డతో ఆకులు తుడుస్తారు. ఒక్కో ఆకూ, రెండు పక్కలా. పెళ్లికొడుకు మొహం కూడా ఎవరూ అంత శ్రద్ధగా తుడవరు.

“ఆకు అడుగున ముక్కులుంటయ్ బిడ్డా. గీ ఆటోల మసి పట్టి మూసుకపోయినయ్. నీ ముక్కుల దూది పెడితే నువ్వు బతుకుతవా?”

నేను గిరాకీతో బేరంలో ఉన్నా సరే, జవాబు చెప్పేదాకా వదలరు.

ఆటో సల్మాన్ చెట్టు దగ్గర ఆగితే ఇక గొడవే. “పొగగొట్టం చెట్టు దిక్కు పెడ్తవా? నా దుకాణం దిక్కు తిప్పు!” సల్మాన్ తిప్పాడు. పది రోజుల్లో చాచా తెల్ల కవర్లన్నీ నల్లబడ్డాయి. “ఫికర్ లేదు, గిరాకీ నలుపే అడుగుతుండ్రు” అన్నారాయన.

అసలు యుద్ధం మాత్రం కమలవ్వతోనే. ఆమె ఆ చెట్టు కిందే బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తుంది. చెట్టేమో సగం ఎండింది. దసరాకల్లా చిగురేయకుంటే కొట్టేస్తామని మున్సిపాలిటీ వాళ్లు చెప్పిపోయారు. ఆ నీడ పోతే కమలవ్వకు కూర్చునే చోటే లేదు.

“నీ పొగకు చెట్టు దగ్గుతుంది కమలవ్వా!”

“చెట్టు దగ్గుడేంది సాయబూ? దగ్గేది నేను!” అంటూనే ఆమె కళ్లనీళ్లొచ్చేలా దగ్గింది. దవాఖానకు పొమ్మంటే “నాకేం రోగం?” అంటుంది. ఒకరిచ్చిన చాయ్ కూడా ముట్టని మనిషి.

ఒకరోజు చాచా గ్యాస్ పొయ్యి, కంకులు ఉడికించేంత పెద్ద గంజు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టారు.

“నాకెందుకు? ఎవ్వల తాన ఏం తీసుకోను.”

“నీకెవడిచ్చిండు? చెట్టుకు తెచ్చిన. దానికి పొయ్యి ముట్టియ్య రాదు గదా, జర నువ్వు ముట్టియ్యి. కంకులు ఉడుకవెట్టు.”

కమలవ్వ పొయ్యిని చూసింది, చెట్టును చూసింది. చెట్టు కాదనలేదు.

నెల తిరిగేసరికి కమలవ్వ దగ్గు తగ్గింది. దసరాకు ముందే రెండు కొమ్మలు చిగురేశాయి. మున్సిపాలిటీ ఆయన వచ్చి చూసి, ఓ కంకి కొనుక్కుని వెళ్లిపోయాడు.

“నిజం చెప్పు చాచా, పొయ్యి ఎవరికోసం తెచ్చినవ్?” అని అడిగాను.

“చెట్టుకేంది బిడ్డా, మంచిగ చెప్తే ఇంటది. గామెతోనే పరేషాన్!”

అంతలోనే కమలవ్వ వచ్చి, ఉప్పూ కారం రాసిన వేడి కంకి ఆయన చేతిలో పెట్టింది.

“పైసలు తీయకు సాయబూ. నేనిస్తలేను, చెట్టు పంపింది.”