కొల్లేట్లో డిప్యూటీ డైరెక్టరు గారి పాంటు

మత్స్యశాఖలో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా నా చివరి పోస్టింగు కొల్లేటి అంచు మండలంలో. రిటైరవడానికి రెండేళ్ల ముందు, చలికాలంలో, వరస గాలాల ప్రమాదాల మీద అవగాహన సదస్సు పెట్టమని ఉత్తర్వు వచ్చింది.

వరస గాలాలంటే, నీళ్లలో రెండు గుంజలు పాతి మధ్యన పొడవాటి తాడు కడతారు. ఆ తాడుకు వరసగా పిల్లతాళ్లు వేలాడదీసి, ఒక్కోదానికి గాలమూ ఎరా కడతారు. సాయంత్రం వేసి పొద్దున తీస్తారు, మనిషి కాపలా ఉండక్కర్లేదు. సుఖమూ అదే, చిక్కూ అదే. ఆ గాలానికి చేపా, కొంగా, ఈదేవాడి కాలా అన్న తేడా లేదు. రెండు చివరలా తేలే డబ్బాలు కట్టాలని, వాడని తాళ్లు తీసెయ్యాలని, దోనెలో కత్తి ఉంచుకోవాలని చెప్పడం మా పని.

సదస్సుకు విజయవాడ నుంచి డిప్యూటీ డైరెక్టరు గారు వచ్చారు. హోదాలో నాకు రెండు మెట్లు పైన. జనం గట్టు మీద కూర్చున్నారు. ఆయన మాత్రం దోనెలోంచే మాట్లాడతానన్నారు, చూపిస్తూ చెబితే బుర్రకెక్కుతుందట. నాంచారయ్య అనే మత్స్యకారుడు మా ఇద్దర్నీ తన దోనెలో తీసుకెళ్లి, తాడు పైకెత్తి దోనె మీద అడ్డంగా వేశాడు. డిప్యూటీ డైరెక్టరు గారు నిలబడి, గాలాల దగ్గర ఏమరపాటు పనికిరాదని చేతిమైకులో చెప్పి కూర్చున్నారు. గాలం మీద కూర్చున్నారు.

ఒంటికి తగల్లేదు, పాంటుకే దిగింది. ఇంతలో తాడుకు పడ్డ పెద్ద వాలుగ చేప ఒకటి గుంజింది, గాలి దోనెను పక్కకు నెట్టింది. తాడు బిగిసి ఆయన్ని వెనక్కి లాగసాగింది. దోనె ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి. ఆయన పడితే మిగతా గాలాలన్నీ చుట్టుకుంటాయి, ఈత వచ్చినా లాభం లేదు. నేను కదిలితే దోనె తిరగబడుతుంది. నాంచారయ్య రెండు చేతులతో గెడ మీద దాన్ని ఆపుతున్నాడు.

పిల్లతాడు కొయ్యమన్నారాయన.

"కత్తి గట్టు మీదుందండి," అన్నాడు నాంచారయ్య. "చూపించడానికని బల్ల మీద పెట్టాం గదండీ."

ఇక మిగిలింది ఒకటే దారి. పాంటు విప్పెయ్యమన్నాను.

"కొత్తదమ్మా. పటమటలో కుట్టించాను," అన్నారాయన. మైకు ఆపలేదు కాబట్టి గట్టు దాకా వినబడింది.

దోనె ఇంకాస్త ఒరిగాక బెల్టు మీద చెయ్యి వేశారు. బకిల్ బిగుసుకుని చాలాసేపు రాలేదు. నేను అటు తిరిగి కొంగల్ని శ్రద్ధగా పరిశీలించాను. వెనక ఏదో సర్రున జారింది, దోనె ఒక్క ఊపులో సర్దుకుంది. చూస్తే పాంటు వాలుగ వెంట నీళ్లలోకి పోతోంది. నాంచారయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఆయనకిచ్చాడు.

సదస్సు ఆపేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తువ్వాలుతోనే గట్టెక్కి ఉపన్యాసం పూర్తిచేశారు. నా సర్వీసులో జనం చివరిదాకా కూర్చున్న సదస్సు అదొక్కటే. ఒకావిడ లేచి, పాంటు ఎరగా పనికొస్తుందాండీ అని అడిగింది. ప్రయత్నించి చూడలేదని ఆయన గంభీరంగా జవాబిచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆ ఊరి తాళ్లన్నిటికీ డబ్బాలు తేలాయి.

వరస గాలాల తనిఖీకి వెళ్లేవారు బెల్టు పెట్టుకోకూడదు, తొందరగా ఊడొచ్చే బట్టే కట్టుకోవాలి. నా తర్వాత ఆ పోస్టులోకి వచ్చినాయనకు ఈ సంగతి చెప్పి చార్జి అప్పగించాను.