సారవ్వ కిటికీ

సారవ్వ తన నీడను కూడా నమ్మని మనిషి. కూరగాయలాయన చేతికిచ్చిన వంకాయ ముట్టదు, బండిలో కుప్ప అడుగు నుంచి తానే ఏరుకుంటుంది. మనవరాలు సహస్ర దగ్గుకు డాక్టరు రాసిన మందైనా సరే, ముందు తన నాలుక మీద ఓ చుక్క వేసుకున్నాకే పోస్తుంది. గోదావరిఖనిలో ఆ వాడకట్టంతటికీ ఈ సంగతి తెలుసు.

అలాంటి సారవ్వ గుమ్మంలో ఓ పొద్దున డిగ్రీ కాలేజీ పిల్ల ఇల్మా టేపు చుట్ట పట్టుకుని నిలబడింది.

"అవ్వా, నీ కిటికీకి గీ టేపు అంటించి తీస్త. దుమ్మెంత పడుతుందో చూడాలె. మా డెబోరా మేడం సర్వే చెయ్యమన్నది."

సర్వే అనగానే సారవ్వ తలుపు సగం మూసింది. ఒకప్పుడు ఆమె ఊరికీ ఇట్లాగే నవ్వుకుంటూ సర్వే అని వచ్చారు, పేర్లు రాసుకుపోయారు. ఇప్పుడు ఊరున్న చోట బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గొయ్యి ఉంది. పాము కరిచిన మనిషికి తాడును చూసినా దడే కదా!

"వారమాగి రా" అని పంపేసి, రోజూ తడిగుడ్డతో కిటికీ తుడిచింది. దుమ్మే లేకపోతే తన ఇంటి జోలికి ఎవరూ రారని ఆమె లెక్క.

వారానికి ఇల్మా వచ్చి టేపు అంటించి తీస్తే తెల్లగా వచ్చింది. పక్కిళ్లవన్నీ నలుపు. ఆ ఒక్కటీ పారేద్దామంది క్లాసంతా. డెబోరా మేడం ఒప్పుకోలేదు. "తేడా వస్తే పారేసుడు కాదు, పోయి ఎందుకో అడగాలె. పరిశోధనంటే గదే."

ఇల్మా మళ్లీ వచ్చేసరికి సారవ్వ అనుమానం రెండింతలైంది.

"నిజం చెప్పు పిల్లా. ఇల్లెప్పుడు ఖాళీ చెయ్యాలె?"

ఇల్మా తెల్లబోయింది. "ఖాళీ ఏంది అవ్వా? ఇది కాలేజీ చదువు. కిటికీ తుడిచినవా?"

"తుడుస్త. నా కిటికీ, నా ఇష్టం."

ఇల్మా తన కాగితంలో సారవ్వ ఇంటి నంబరున్న ముక్క చింపి ఆమె చేతిలో పెట్టింది. "పేరొద్దు, నంబరొద్దు. వారం తుడవకుంటే చాలు."

చదువు రాకపోయినా సారవ్వ ఆ ముక్కను తిప్పి తిప్పి చూసి కొంగున ముడేసుకుంది. ఆ వారమంతా కిటికీని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమెకు నరకమైంది.

ఈసారి టేపు తానే పీకింది, పిల్ల ఏం మాయ చేస్తుందోనని. వెలుగుకు ఎత్తి చూస్తే కాటుక పూసినట్టుంది. లోపల సహస్ర దగ్గింది.

"ఇదంతా మా పిల్ల పీలుస్తున్నదా?"

"పీలుస్తున్నట్టే అవ్వా. ఎంతన్నది ఇంకా చూడాలె."

సారవ్వ కొంగు ముడి విప్పి ఆ ముక్కను ఇల్మాకిచ్చింది.

"అంటించుకో. పేరు గూడ రాయి. సారవ్వ అని." కళ్లు చిట్లించింది. "ఏం రాసినవో సదివి ఇనిపించు."