కొండపల్లి కోట ఎక్కించిన మేడం

మా సోషల్ మేడం మంగళవారం ఉదయం నందిగామలో పోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను జగ్గయ్యపేట బస్సులో ఉన్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకే చిరాకు వేసింది. ఆవిడ ఇంటికెళ్లి క్షమించమని అడగాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదో తరగతిలో మమ్మల్ని కొండపల్లి కోటకి తీసుకెళ్లారు. ఎండలో ఎక్కలేక, "తిన్నగా దారి వెయ్యొచ్చు కదండీ, ఇన్ని మెలికలెందుకు?" అని విసుక్కున్నాను. ఆవిడ దర్వాజా పక్కన రాతి మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ, "రాజు కనపడేలోపే నువ్వు అలిసిపోవాలమ్మా. తలొంచుకుని లోపలికెళ్లాలి. అందుకే కట్టారు," అన్నారు.

వీధి వెడల్పు, ద్వారం ఎత్తు చూస్తే, కట్టించినవాడు మనల్ని ఎంత చిన్నవాళ్లని చెయ్యాలనుకున్నాడో తెలుస్తుందనేవారు. వెంటనే, "మరి రాళ్లు మోసిందెవరు?" అని అడిగేవారు. ఆవిడ తండ్రి సున్నపురాయి క్వారీలో రాళ్లు కొట్టిన మనిషి. బోర్డు మీద రాజధాని గీస్తే ముందు కుమ్మరివాళ్ల వీధి గీసేవారు. రాజమహలుకి చోటు మిగిలితే మిగిలినట్టు. పైనుంచి వచ్చే పరీక్ష పేపర్లో మాత్రం ఎప్పుడూ రాజు గొప్పతనమే అడిగేవారు. ఆ పేపరు చూసి ఆవిడ బల్ల మీద విసిరికొట్టడం మేమంతా చూశాం.

నేను ఇంజనీరునై ఓ చిన్న ఊళ్లో మున్సిపల్ ఆఫీసులో చేరాను. అక్కడ సంత వీధి మొదట్లో జమీందారుల నాటి రాతి ద్వారం ఉండేది. రాళ్ల మీద పనివాళ్లు తమ గుర్తుగా చెక్కుకున్న చేప, నెలవంక, నాగలి. రోడ్డు వెడల్పు చెయ్యాలంటూ దాన్ని కొట్టేసి, ఓ నాయకుడి తండ్రి పేరిట సిమెంటు ఆర్చి కట్టాలని ఫైలు వచ్చింది. అప్పటికే రిటైరైన మేడం ఆ సంగతి విని, మూడు నెలలపాటు ప్రతి సోమవారం మా ఆఫీసుకి అర్జీతో వచ్చారు.

"చూస్తానండి మేడం," అనేదాన్ని.

"చూడ్డం కాదమ్మా. పక్కనుంచి రోడ్డు పోద్దని కాయితం మీద రాయి."

పోతుందని నాకూ తెలుసు. కొలిచి చూశాను కూడా. రాయలేదు. పైనుంచి ఫోన్లు వస్తుంటే సంతకం పెట్టేశాను.

జేసీబీ వచ్చిన రోజు ఆవిడా వచ్చారు.

"సంతకం నీదేనా?"

"నాదేనండి."

తిట్టినా బాగుండేది. కూలిన రాళ్ల మధ్య కూర్చుని ఒక్కో గుర్తూ నోటు పుస్తకంలో గీసుకున్నారు. నేను జీపెక్కి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆవిడ మా ఆఫీసుకి రాలేదు.

బుధవారం మేడంని సమాధుల తోటకి తీసుకెళ్తుంటే హైవే దగ్గర పోలీసులు వ్యాను ఆపేశారు. ఎవరో పెద్దాయన కాన్వాయ్ వస్తోందట.

"ఎంతసేపు పడుద్దండి?" అని అడిగాను.

"వచ్చి వెళ్లేదాకా," అన్నాడు కానిస్టేబులు, నా వైపు చూడకుండానే.

నా ఐడీ కార్డు చూపించాను. చనిపోయింది టీచరని చెప్పాను. కదల్లేదు. అరగంట దాటింది.

వ్యానులో మేడం వాళ్లక్క అద్దాల పెట్టె పక్కన కూర్చుని ఉంది. చెల్లెలి మొహం మీద ఎండ పడుతోందని పైటకొంగు అడ్డం పట్టుకుంది. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకుంటోంది. ఎదురుగా రోడ్డంతా ఖాళీగా ఉంది.