అమ్మకు చెప్పిన సినిమాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు ఎవరూ కరపత్రాలు ఇవ్వడం లేదు. ఇది ఫిర్యాదే. ఒకప్పుడు మెట్రో మెట్లు దిగి బస్టాపు దాకా నడిచేలోపు గ్రూప్స్ కోచింగ్, బ్యాంకు కోచింగ్, సాఫ్ట్‌వేర్ కోర్సు, బాయ్స్ హాస్టల్ అంటూ నా చేతిలో ఇంత మందాన కట్ట తయారయ్యేది. ఇప్పుడు ఆ పిల్లలు ముందు కాగితం చాపుతారు, తర్వాత నా జుట్టు చూస్తారు, ఆ తర్వాత కాగితం వెనక్కి తీసుకుంటారు. వీడి మీద కాగితం దండగ అన్న సంగతి అంత చిన్న వయసులో ఎలా కనిపెడతారో తెలీదు. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే కాలేజీ వాళ్ళకు ఇంకా తెలియలేదు.

నాకు ఇవ్వనివి మా అమ్మకు ఇస్తారు. అమ్మకు డెబ్బై దాటాయి. చూపు ఆనదు కాబట్టి ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండో చెయ్యి ముందుకు చాపి నడుస్తుంది. చాపిన చెయ్యి కనబడితే ఆ పిల్లలు మాత్రం ఏం చేస్తారు, కాగితం పెడతారు. అమ్మ దాన్ని పారెయ్యదు. వయసులో ఉన్నప్పుడు నల్గొండ బస్టాండులో సువార్త కరపత్రాలు పంచిన మనిషి ఆమె. ఇచ్చిన కాగితాన్ని జనం నాలుగడుగులు వేసి ఎలా కింద పడేస్తారో చూసింది. అందుకే మడిచి నాకిస్తుంది.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

"ఏసీ రూములు, మూడు పూటల భోజనం, ఇరవై నాలుగ్గంటలు వేడినీళ్ళు."

"మంచిగనే ఉందిగ," అంటుంది, పరలోకం గురించి విన్నట్టు.

అలా, రాసిందైనా కనబడేదైనా మా అమ్మ దగ్గరికి నా నోటి మీదుగానే పోతుంది. ఇంత పెద్ద పని నాలాంటివాడికి అప్పగించకూడదు.

అమ్మకు వచ్చింది నీటికాసుల జబ్బు. పక్కల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి నడిమధ్యన కాస్త వెలుగు మిగులుతుంది. తలుపు సందులోంచి పెండ్లి చూసినట్టుంటదని అమ్మే చెప్పింది. దవాఖానకు ఆలస్యంగా వెళ్ళాం. చత్వారం అనుకున్నాం, అద్దాలు మార్చాం. "అనుకున్నాం" అంటే నేను అనుకున్నాను. అమ్మ నేను చెప్పింది నమ్మింది.

ఇక సినిమాల సంగతి. మా నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో గుమాస్తాగా చేశాడు. ఆయనా అమ్మా పెళ్ళయిన కొత్తలోనే ఊరు వదిలి ఇటు వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్ని థియేటర్లు ఉండగా వాటి ముందు నుంచే ప్రతి ఆదివారం చర్చికి నడిచిపోయారు. ఒక్కసారీ లోపలికి అడుగు పెట్టలేదు. మా సంఘంలో అప్పట్లో సినిమా చూడటమూ సారా తాగటమూ ఒకే వరసలో ఉండేవి. పోస్టరు కనబడితే అమ్మ మొహం అటు తిప్పుకునేది. చూపు ఉన్నన్నాళ్ళు పోస్టరు కూడా చూడని మనిషి, చూపు పోతున్నప్పుడు సినిమాలు మొదలుపెట్టింది. దానికి కారణం నేను కాదు, ఎండ.

మొన్న ఎండాకాలంలో పరీక్ష కోసం కళ్ళల్లో మందు వేసి, కాసేపు వెలుతురులోకి వెళ్ళొద్దన్నారు. బయట తారు కరుగుతోంది. ఆటోలో ఎల్బీ నగర్ దాకా వచ్చి అమ్మను ఒక మాల్‌లోకి తీసుకెళ్ళాను. అక్కడ చల్లగా, చీకటిగా, కూర్చోవడానికి వీలుగా ఉన్న చోటు ఒక్కటే.

"ఏందిది?" అంది కుర్చీ చేతులు తడుముతూ.

"ఏసీ."

"ఏసీల ఇంతమందా?"

"సినిమా కూడా వేస్తరు."

అమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. "మనం సల్లదనానికొచ్చినం. ఆయనకెర్కే," అంది. ఆయన అంటే దేవుడు. తర్వాత నిటారుగా కూర్చుంది. ఆట మొదలైందో లేదో నా మోచెయ్యి పొడిచింది. "ఎవలట్ల అరుస్తుండు?"

అప్పటి నుంచి దవాఖానకు వెళ్ళినప్పుడల్లా మ్యాట్నీకి వెళ్ళడం మా ఇద్దరికీ ఆనవాయితీ అయింది. దవాఖాన అంటే ముఖం ముడుచుకునే మనిషి, ముందు రోజే చీర తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాటలు, పాటలు తనే వింటుంది. తెర మీది తెలుపూ నలుపూ కొంచెం తెలుస్తాయి. మిగతాది నేను చెవిలో చెప్పాలి.

"ఏం జేస్తుండు?"

"కొడుతున్నడు."

"ఎవల్ని?"

"అందర్ని."

పాట వస్తే ఎక్కడున్నరని అడిగేది. మంచులో ఉన్నారని చెబితే, ఆ పిల్ల చీరతోనే ఉందా, చలి పెట్టదా అని బాధపడేది. హీరో హీరోయిన్లు మరీ దగ్గరైతే "మాట్లాడుకుంటున్నరు" అనేవాణ్ణి. మాటలు ఇనొస్తలెవ్వే అంటే, మెల్లగా మాట్లాడుతున్నారని చెప్పేవాణ్ణి. ముందు సీటు కుర్రాడు ఒకసారి వెనక్కి తిరిగి, "అన్నా, జర నువ్వు ఆపితే మేం గూడ సూస్తం," అన్నాడు. అమ్మ ఆ పిల్లవాడి తల దొరికేదాకా తడిమి, "ఏమనుకోకు బిడ్డా, నాకు కండ్లు లెవ్వు," అంది. ఆ తర్వాత ఆ కుర్రాడు ఇంటర్వెల్లో మాకు సమోసాలు తెచ్చిచ్చాడు.

ముద్దును మాటలు చేయడంతో మొదలైంది. తర్వాత విలన్ నరికిన చేతుల్ని తగ్గించాను. ఒక చిన్నపిల్ల లారీ కింద పడితే పక్కకు తప్పించాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. డిగ్రీలో అనువాదం పేపరులో నాకు మంచి మార్కులే వచ్చాయి. మూలానికి కట్టుబడి ఉండాలని అందులోనే ఉంది.

వానాకాలంలో మళ్ళీ వెళ్ళినప్పుడు, అమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచారు. మర్యాదస్తుడు. నాకు అర్థమయ్యేదాకా చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదు. కళ్ళల్లో వేసే చుక్కలు ఉన్నదాన్ని నిలపడానికే. అదీ ఎంతోకాలం నిలిచేలా లేదు. "ఆ కాస్త వెలుగు ఉండగానే ఇంట్లో అన్నీ చేత్తో గుర్తుపట్టడం అలవాటు చేయించండి. మెట్లు, స్టవ్వు, బాత్రూమ్. ఆమెకు ఉన్న సంగతి చెప్పండి. తెలిస్తేనే నేర్చుకుంటారు."

బయటికి వచ్చాను. అమ్మ నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి లేచింది.

"ఏమన్నడు కొడుకా?"

"బానే ఉందన్నడు. చుక్కలు మానొద్దన్నడు."

రెండో వాక్యం నిజం.

ఆ మధ్యాహ్నం వెళ్ళిన సినిమాలో ఒక తల్లి ఉంది. కొడుకు లారీ నడుపుతాడు. తల్లికి పెద్ద జబ్బు. ఇంటర్వెల్ కాగానే డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ మాట అమ్మ విన్నది, నా చెయ్యి పట్టుకుంది. చివర్లో మాటలు లేవు. తల్లి కళ్ళు మూస్తుంది. కొడుకు పొడుగాటి ఖాళీ రోడ్డు మీద లారీ ఆపి కిందికి దిగి నిలబడతాడు. వయొలిన్ ఒక్కటే. హాలు మొత్తం ముక్కులు ఎగబీలుస్తోంది.

"ఏమైతుంది?"

పొద్దున ఒకసారి చెప్పలేకపోయాను. రెండోసారీ చేతకాలేదు. "లేచి కూర్చుంది. కొడుకు చెయ్యి పట్టుకుంది," అన్నాను.

"మరి గీ ఏడుపు సంగీతమేంది?"

"సంతోషంతోటి."

"సంతోషానికి గింత ఏడుపా," అని అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. ఆటోలు దొరకవంటూ లైట్లు వేయకముందే బయటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా ఆమె నవ్వుతూనే ఉంది. "డాక్టర్లకు అన్ని ఎర్కుండయి బిడ్డా," అంది ఆటోలో. నేను బయటికి చూశాను. మెట్రో స్తంభాల మీద నంబర్లు ఉంటాయి. అవి చదువుతూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అమ్మ కళ్ళు బాగుపడటం మొదలైంది. అంటే, ఆమె అలా చెప్పడం మొదలైంది. "ఇయ్యాల జర తేటగుంది," అనేది పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి. నేను "మంచిదే" అనేవాణ్ణి. మెట్లు లెక్కపెట్టుకోమంటే, "ఇగ రెండు నెలలైతే కనబడ్తయి, ఎందుకు?" అనేది. స్టవ్వు దగ్గర చెయ్యి కాల్చుకుంది. బాత్రూమ్ గడప తట్టుకుంది. కట్టు కడుతూ నేను ఏదో జోకు వేశాను. అమ్మ నవ్వింది. నా జోకులకు మొదటి నుంచీ ఆమె ఒక్కతే నవ్వుతుంది.

ఎదురు పోర్షన్లో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడ ఉంది. మా సంఘమే. అమ్మను వదినా అంటుంది. ఉన్నది ఉన్నట్టు అనేయకపోతే ఆవిడకు అన్నం అరగదు. మా ఆవిడ చేసిన పులిహోర తిని, ఇది పులిహోర కాదని చెప్పి, రెండోసారి వడ్డించుకుంది. చెయ్యి కాలిన రోజు నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"వదినకి బొత్తిగా ఆనట్లేదయ్యా. డాక్టరేవన్నాడు?"

"చుక్కలు వాడమన్నారు."

"ఆ మాట చెప్పటానికేనా నిన్నొక్కణ్ణే లోపలికి పిలిచింది? వదిన చెప్పిందిలే."

నాకు బస్సుకు ఆలస్యమవుతోందని చెప్పాను. ఆ రోజు కాలేజీకి సెలవు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆ నెలలో మా ఇంట్లో వచ్చింది. ఆడవాళ్ళ కూడిక. నా భార్య ఆఫీసుకు పోయింది కాబట్టి, ఉపవాసం విడిచే వేళకు చాయ్ పెట్టే పని నాది. వంటింట్లోంచి హాలు కనబడుతుంది. చాపల మీద కూర్చుని తలల మీద కొంగులు కప్పుకున్నారు. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. సాక్ష్యం అంటే, దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి నలుగురి ముందు చెప్పడం. అమ్మ గోడ పట్టుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం. నాకెర్కైన ఒక తల్లి ముచ్చట చెప్త. ఆమెకు పెద్ద జబ్బు. డాక్టర్లు మా తోని గాదన్నరు. కొడుకు లారీ నడుపుతడు..."

నా చేతిలో చాయ్ వడకట్టే జాలి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

సాక్ష్యం మధ్యలో ఆమెన్‌లు పడటం మామూలు. లారీ అనగానే ఆగిపోయాయి. ఒకామె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఇద్దరు ఒకరినొకరు చూసుకుని వెంటనే చాప వైపు చూశారు. సంఘంలో సినిమా ఇప్పటికీ తప్పే అయినా, వాళ్ళలో సగం మంది దాన్ని చూశారు. చూశామని చెప్పకుండా అమ్మను ఆపలేరు. ఆపితే అదొక సాక్ష్యం అవుతుంది.

"...లేచి కూసున్నది. కొడుకు చెయ్యి వట్టుకున్నది. నా కండ్లు గూడ గట్లనే ఆయన తెరుస్తడు. ఇప్పటికే జర తేటగుంది. నా కొడుకును అడుగుండ్రి, డాక్టరు బానే ఉందన్నడు."

"అదేంటి వదినా," అంది ఎదురు పోర్షన్ ఆవిడ, "ఆవిడ చచ్చిపోయిందిగా!"

కూడిక నడిపించే పెద్దావిడ గొంతు సవరించుకుంది. "మీకెట్ల తెలుసు సిస్టర్?"

"ఎట్లా తెలుసంటే, చూశాను కాబట్టి తెలుసు. మా అమ్మాయి తీసుకెళ్ళింది. మీ పక్కన కూర్చున్నావిడ మా ముందు వరసలోనే ఉంది, అడగండి."

ఆ పక్కనున్నావిడ వెంటనే పాట ఎత్తుకుంది. చాలా పెద్ద పాట. అందరూ ఇంతకు ముందెన్నడూ లేనంత భక్తిగా అందుకున్నారు. అమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది. పాట మూడో చరణంలో ఉండగా గోడ తడుముకుంటూ కూర్చుంది. వంటింటి వైపు మొహం తిప్పింది. నేను కనబడనని నాకు తెలుసు. అయినా తలుపు వెనక్కి జరిగాను.

అందరూ వెళ్ళాక చాయ్ తెచ్చి ఆమె చేతికి అందించాను. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

"నిజంగనే సచ్చిపోయిందా ఆమె?"

"అవునమ్మా."

"ఎట్ల? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. మూసుకున్న కళ్ళు, రోడ్డు, ఆగిన లారీ, దిగి నిలబడ్డ కొడుకు. తెర మీద ఏముందో అంతే. ఏదీ కలపలేదు, తియ్యలేదు. అలా చెప్పడం అదే మొదటిసారి. గొంతు నాది కాదేమో అనిపించింది.

అమ్మ మొత్తం విన్నది. "మంచిగనే తీసిండ్రు," అంది. చాయ్ ఒక గుటక వేసింది. "మరి నువ్వెందుకు బతికించినవ్?"

"నీకు బాధైతదని."

"ఆమె సస్తే నాకేం బాధ? నా సుట్టమా?"

నేను బతికించింది అమ్మ బాధపడుతుందని కాదు, ఆమె బాధపడటం పక్కన కూర్చుని చూడాల్సింది నేనే అని. ఈ మాట ఇప్పుడు రాయడం తేలికగానే ఉంది. అప్పుడు కాలిన చెయ్యి మీది కట్టు నా కళ్ళ ముందే ఉంది.

గ్లాసు కింద పెట్టడానికి అమ్మ చెయ్యి నేలను వెతికింది. అందించబోతే వద్దంది. వేళ్ళతో చాప అంచు పట్టుకుని, అది దాటి బండ తగిలాక, అక్కడ పెట్టింది. ఒలకలేదు.

"మళ్ళ దవాఖానకు ఎప్పుడు రమ్మన్నడు?"

"వచ్చే మంగళవారం."

అమ్మ తన వేళ్ళ చివర్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే, కూరగాయలు తెమ్మన్నట్టు అంది.

"సినిమాకు నువ్వే తోల్కపో కొడుకా, నీ లెక్క చెప్పేటోడు లేడు. డాక్టరు కాడికి మాత్రం ఎదురింటామెతోటి పోత."