దాపల అన్నాను

నాకు ముక్కు మీద కోపం. నేను చెప్పకపోయినా పలాసలో నన్నెరిగినవాళ్లు ఎవరైనా ఈ మాట చెబుతారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు దగ్గర సూపర్‌వైజరుగా పదమూడేళ్లు అరిచి అరిచి, చివరికి మామూలుగా మంచినీళ్లడిగినా తగాదాకొచ్చినట్టే ఉంటుంది నా గొంతు. నేను నెమ్మదిగా ఉండేది ఒక్క సైకిలు మీదే. రోడ్డు సైకిలు కాదు, లావు టైర్లతో గుట్టలూ తోటలూ ఎక్కి దిగే గేర్ల సైకిలు. ఆదివారం తెల్లారగానే కాశీబుగ్గ దాటి జీడితోటల్లోకి దిగితే భోజనం వేళకి గాని ఇల్లు చేరేవాణ్ణి కాదు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక ఇదేం పిచ్చని ఇంట్లో తిట్టేవారు. తిట్లు తినేసి మళ్లీ ఆదివారం వెళ్లేవాణ్ణి.

అలా తొక్కే పిచ్చివాళ్లం మా వైపు పదిహేను మందిదాకా ఉన్నాం. సోంపేట నుంచి, టెక్కలి నుంచి, ఇచ్ఛాపురం నుంచి ఇంకొందరు. ఏడాదికోసారి అందరం కలిసి రేసు పెట్టుకుంటాం. ఒక ఏడు టెక్కలి గుట్ట మీద, ఒక ఏడు ఉద్దానం తోటల్లో. మొదటి ముగ్గురినీ రాష్ట్ర పోటీకి పంపుతారు. ఆరేళ్లు పోటీ చేశాను. నాలుగోవాడిగా వచ్చాను, ఐదోవాడిగా వచ్చాను, ఒకసారి చైను తెగి సైకిలు భుజానేసుకుని వచ్చాను. ఆ ముగ్గురిలో మాత్రం ఎప్పుడూ లేను.

కిందటి రేసుకి రెండు రోజుల ముందు శ్రీకాకుళంలో డాక్టరు నా రిపోర్టు చూశాడు. "ఎడమ చేతికి ఇంక ఎవరి చేతా సూది పొడిపించుకోకండి. ఈ నెలాఖరులోపు ఆ చేతికి చిన్న ఆపరేషన్ చేద్దాం. డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాల్సి వచ్చినా సిద్ధంగా ఉండాలి కదా" అన్నాడు. మరి సైకిలు అని అడిగాను. "నడవండి, చాలు" అన్నాడు.

ఉద్దానంలో పుట్టినవాడికి ఈ మాటలు విడమరిచి చెప్పక్కర్లేదు. మా నాన్నని తినేసింది ఈ కిడ్నీ జబ్బే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పలాస వచ్చేదాకా ఒక్కటే లెక్క వేసుకున్నాను. రేసు ఆదివారం. ఆపరేషన్ నెలాఖరు. రాష్ట్ర పోటీ వచ్చే నెల. అంటే ముగ్గురిలో వచ్చినా నేను పోటీకి వెళ్లేది లేదు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసే దిగాను. రిపోర్టు కవరు బీరువాలో బట్టల అడుగున తోసేసి, నా భార్యకి కూడా చెప్పకుండా, ఆదివారం పొద్దున్న సైకిలు బయటికి తీశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మూడోవాడిగా గీత దాటాలి. తర్వాత నేనేమైపోయినా ఫర్వాలేదనుకున్నాను.

ఇక అల్లుడి సంగతి చెప్పాలి. మాకు చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్లే కుటుంబం. మాది లోపలికి, కొబ్బరీ జీడీ కాస్త వరీ ఉన్న ఊరు. మూడేళ్ల కిందట ఒడ్డున ఇసక దిబ్బల దగ్గర మేమంతా గేర్ల సైకిళ్లు దిగి రొప్పుకుంటూ నెట్టుకుపోతుంటే, ఒక ఇరవయ్యేళ్లవాడు గేర్లు లేని తుప్పు సైకిలు మీద మమ్మల్ని దాటుకుని వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "ఏటి మావా, బండి నువ్వెక్కాలా, బండి నిన్నెక్కాలా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. సాయంత్రానికి వాణ్ణి వెతికి పట్టుకుని జట్టులో కలిపాను. వాడు మావా అన్నాడు కాబట్టి నేను అల్లుడూ అన్నాను.

పాత గేర్ల సైకిలొకటి ఇప్పించి పని నేర్పింది నేనే. ఇసకలో టైరుకి గాలి ఎంత తగ్గించాలో, ఎండిన జీడాకుల మీద బ్రేకు ఎందుకు పట్టకూడదో నేర్పాను. సన్నటి దారిలో ముందువాణ్ణి దాటాలంటే ఏ పక్కనుంచి వస్తున్నాడో వెనకవాడు కేకేసి చెప్పాలి, దెబ్బ తగిలితే తప్పు వెనకవాడిదే అని చెప్పాను. ఎవడైనా పడితే ముందు మనిషి, తర్వాతే రేసు అని కూడా చెప్పాను. ఎంత బాగా చెప్పానో నా మొహం.

ఆ కేక దగ్గరే మాకొక చిక్కొచ్చింది. ఎడమ అని అరిస్తే వాడు ఒక్క క్షణం ఆలోచించేవాడు. ఆ క్షణంలో నేను వాడి మీద పడేవాణ్ణి. "ఎడమా కుడీ నాకు బుర్రలో తిరగాల మావా. సముద్రమెటో కొండెటో అడుగు, నిద్రలో కూడా సెప్పేత్తాను" అన్నాడు. నిజమే, కళ్లకు గంతలు కట్టి తోట మధ్యలో వదిలినా సముద్రం వైపు చెయ్యి చూపించేవాడు. సరే అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. తూర్పు పక్కనుంచి దాటితే సముద్రం అని అరవాలి. పడమటి పక్కనుంచి దాటితే కొండ అని అరవాలి. మూడేళ్లు మా మధ్య ఆ రెండు మాటలే నడిచాయి. మిగతా జట్టంతా నవ్వేవారు.

ఆ రోజు రేసు మూడు చుట్లు. తోటల్లోంచి దిబ్బల మీదికి వెళ్లి, మొగలి పొదల మధ్యనుంచి మళ్లీ తోటల్లోకి. మొదటి చుట్టు అయ్యేసరికే నా కాళ్లు నావి కావు. నోట్లో ఇనప రుచి. రెండో చుట్టులో వాంతికొస్తే మింగేశాను. ఆగితే మళ్లీ ఎక్కలేనని తెలుసు. మూడో చుట్టు మొదలయ్యేటప్పటికి ఇద్దరు కనబడనంత ముందున్నారు, వాళ్లని అందుకోవడం నావల్ల కాదు. మూడో స్థానంలో అల్లుడున్నాడు. వాడి వెనకాలే నేను.

వాడికీ ఆ స్థానం కావాలి. రేసుకి ముందు హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "ఈసారి ముగ్గుర్లో రావాల మావా. మా ఊరోల్లు నాకు వల లాగే సేతులే ఉన్నాయనుకుంటన్నారు, కాళ్లూ ఉన్నాయని సూపించాల" అన్నాడు. వస్తావులే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పటికింకా తొక్కడం మొదలుపెట్టలేదు కదా.

మొగలి పొదలు దాటాక దారి పాము మెలికలు తిరుగుతుంది. రెండు పక్కలా నరికిన జీడి మోళ్లు. అక్కడ దాటకపోతే ఇంక దాటే చోటు లేదు. ఎడమ పక్క జానెడు సందు కనిపించింది. కేకెయ్యాలి. సముద్రమా, కొండా? ఆ మెలికల్లో నాకు సముద్రం ఎటుందో తెలియలేదు. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, చెవుల్లో హోరు. నా నోట్లోంచి వచ్చిన మాట ఆ రెండూ కాదు.

"దాపల" అని అరిచాను.

దాపల అంటే నాగలికి ఎడమ పక్కన కట్టిన ఎద్దు. మా నాన్న దున్నేటప్పుడు దాపల అని గదమాయిస్తే ఎడ్ల జత ఎడమకి తిరిగేది. నడవడం వచ్చినప్పటి నుంచీ విన్న మాట, అందుకే ఊపిరాడనప్పుడు అదే వచ్చింది. ఎడమ పక్కనుంచి వస్తున్నానని చెప్పడం నా ఉద్దేశం. కాని ఆ మాట కబురు చెప్పే మాట కాదు, పని చెప్పే మాట. మా వైపు ఎడ్లబండి ఎక్కినవాడెవడికైనా అది తెలుసు, వాడూ ఎక్కినవాడే. దాపల అన్నాను, వాడు చెప్పినట్టు విని ఎడమకి తిరిగాడు. సరిగ్గా నా ముందుకి.

నా హ్యాండిలు వాడి నడుముకి తగిలింది. వాడు కుడి పక్కకి విసురుగా వెళ్లి మోడు మీద పడ్డాడు. ఏదో విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కొమ్మేమో అనుకున్నాను. కాదు, కొమ్మ అనుకోవాలనుకున్నాను. నా ముందు చక్రం వంకరపోయింది గాని నేను పడలేదు. వెనక్కి చూశాను. వాడు కూర్చుని ఉన్నాడు, కుడి భుజం పట్టుకుని. "మావా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను ఆగలేదు.

అర కిలోమీటరు దూరంలో దారి చూపించడానికి నిలబెట్టిన మనిషి కనిపించాడు. సైకిలు ఆపకుండానే, "వెనకాల ఒకడు పడ్డాడు" అన్నాను. ఒకడు అన్నాను. మూడేళ్లు అల్లుడూ అల్లుడూ అని పిలిచిన నోటితోనే. వంకర చక్రం బ్రేకుకి ఒరుసుకుంటూ కీచుకీచుమంటుంటే మూడోవాడిగా గీత దాటాను. దాటి, పక్కకెళ్లి వాంతి చేసుకున్నాను. ఎవరో వీపు నిమిరి, సాధించావయ్యా అన్నారు. వాళ్ల చెయ్యి విదిలించి కొట్టాను.

వాణ్ణి మోటారు సైకిలు మీద తీసుకొచ్చారు. చొక్కాతో చెయ్యి మెడకి కట్టి ఉంది. కట్టింది మా వెనకాల ఐదోవాడిగా వస్తున్న ఇచ్ఛాపురం కుర్రాడు. మనిషొచ్చేదాకా వాడి పక్కనే కూర్చున్నాడట. ఈలోగా ఎంతమంది దాటిపోయినా కదల్లేదట. ఆ ఇచ్ఛాపురం అతను చొక్కా లేకుండానే నేరుగా రేసు పెద్ద దగ్గరికి వెళ్లి, నా వైపు వేలు చూపించాడు.

"ఈయన ఏదో అరిసినాడు, నాకూ ఇనబడింది. గుద్దీసినాడు. ఆగలేదు."

రేసు పెద్ద నెమ్మదైన మనిషి. పడిపోయినవాణ్ణి వదిలేసి వెళ్తే పేరు కొట్టేస్తామని పొద్దున్న అందరికీ చదివి వినిపించింది ఆయనే. నన్ను అడగలేదు, అల్లుణ్ణే అడిగాడు. "ఏం జరిగిందో నువ్వు చెప్పు."

వాడి మొహం సున్నంలా పాలిపోయి ఉంది. నా వైపు ఒకసారి చూశాడు. నేనప్పుడు ఎలా ఉన్నానో నాకు తెలియదు. నిలబడలేక స్తంభాన్ని పట్టుకుని ఉన్నానని తర్వాత చెప్పారు.

"మావ సరిగ్గానే పిలిసినాడు బాబూ. నానే తప్పు తిరిగినాను. ఆగబోతే, నువ్వెల్లిపో మావా అని నానే సెప్పినాను" అన్నాడు.

రేసు పెద్ద నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

నేను తలూపాను. నోరు తెరిచి అబద్ధం చెప్పడానికి కూడా ధైర్యం లేదు నాకు, తలూపాను. ఇచ్ఛాపురం అతను నేల మీద ఉమ్మి అవతలికి వెళ్లిపోయాడు. మూడో పేరు నాదే రాశారు. చప్పట్లు కూడా కొట్టారు. అంత సిగ్గుమాలిన చప్పట్లు నా జన్మలో వినలేదు, అవి కొట్టినవాళ్ల తప్పేమీ లేదు.

నాలుగు రోజులు వాడి దగ్గరికి వెళ్లలేకపోయాను. జబ్బ ఎముక విరిగిందని, వేటకెళ్లడానికి చాన్నాళ్లు పడుతుందని, ఆ ఏడాది సైకిలు మాట ఎత్తొద్దన్నారని తెలిసింది. ఫ్యాక్టరీలో ఊరికే అందరి మీదా అరిచాను. ఇంట్లో అన్నం పళ్లెం తోసేశాను. నాకు నేనే అసహ్యమైపోయాను. ఐదో రోజు ఆటో ఎక్కి వాళ్ల ఊరు వెళ్లాను.

ఇంటి ముందు సరుగుడు నీడలో కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి కట్టులో. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది.

"నీ కోసరమే సూత్తన్నాను మావా. నీ ముందు సక్రం వంకరపోనాది కదా. పోటీకి నా బండి అట్టుకెల్లు. ఎడం సేత్తో సైనంతా తుడిసి ఉంచినాను" అన్నాడు.

గోడకి ఆనించి ఉంది సైకిలు, తళతళలాడుతూ. ఇంతలో వాళ్లమ్మ కొబ్బరిబొండం కొట్టి తెచ్చింది. "ఎండనపడొచ్చినావు తమ్ముడూ, తాగు" అంది.

"వద్దప్పా" అన్నాను.

"మన సెట్టుదే. లేతది."

"వద్దు."

చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఉద్దానంలో ఎండలో వచ్చినవాడు బొండం వద్దంటే ఎందుకని ఎవరూ అడగరు. కిడ్నీలు పోయినవాళ్లకి డాక్టర్లు మొదట మాన్పించేది అదే. ఆ ఇంట్లో అది బాగా తెలుసు, ఆవిడ భర్త కూడా అలాగే పోయాడు. ఆవిడ బొండం లోపలికి తీసుకెళ్లిపోయింది. అల్లుడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎప్పుడు సెప్పినారు?"

"రేసుకి రెండు రోజుల ముందు."

"మరి పోటీకి?"

"వెళ్లలేనురా. చేతికి ఆపరేషన్ ఉంది. ఆ రోజే తెలుసు నాకు."

వాడు సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు. తిడతాడేమో అని చూశాను. తిడితే బాగుండును. కాళ్లు పట్టుకుందామనిపించింది, అదీ చెయ్యలేదు.

"నువ్వెల్తావు కదాని నానలా సెప్పినాను" అన్నాడు. "ఎల్లనోడివి మరెందుకాగలేదు మావా?"

"గెలవాలనిపించింది అల్లుడూ. ఒక్కసారి. అంతే" అన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

వాడు బాగున్న చెయ్యి చాపి నా భుజం మీద వేశాడు.

"నాకూ అదే కదేటి మావా" అన్నాడు.