సుగుణమ్మ గురి

హూడిలోని ఆ పళ్ళ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేది సుగుణమ్మే. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, అరవై దాటాక ఇక్కడ చేరింది. గోడమీది పెట్టెలో పన్నుకు తగ్గట్టు సమయం పెట్టేది. మిషను పొడవాటి చేయి లాగి, దాని చివరి తలకాయను రోగి బుగ్గ దగ్గరికి తెచ్చేది. కిరణాలు పుట్టేది ఆ తలకాయలోనే. వాటిని చెదరనీయకుండా పంటిమీదికి పంపేది దాని ముందున్న గొట్టం. గురి అంతా ఆ గొట్టంతోనే. బిళ్ళంత సెన్సరు నోట్లో కరిపించి, "కదలొద్దు, మాట్లాడొద్దు" అని చెప్పి, గోడ అవతలికెళ్ళి బటన్ నొక్కేది. బొమ్మ కంప్యూటర్లో పడేది.

నెల రోజులుగా బొమ్మ సగమే పడుతోంది. మిగతాదంతా తెలుపు.

"ఆంటీ, మళ్ళీ కట్ అయింది," అంది డాక్టర్ చైత్ర. "సోమవారం నుంచి ఎక్స్‌రేలు కొత్తగా చేరిన స్టెల్లా తీస్తుంది. మీరు ముందు టేబుల్ దగ్గర కూర్చోండి."

కళ్ళజోడు మార్పించుకున్నా అంతే. సరిగ్గానే పెట్టి వెళ్తుంది కదా, తిరిగొచ్చేసరికి గొట్టం రెండు వేళ్ళు కిందికుంటుంది. అక్కడ పెట్టింది తనేనా? పొద్దున గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్లన్నీ మళ్ళీ ఎక్కింది. ఇదీ అలాంటిదేనా? ప్రభువా, పోయింది కళ్ళా, బుర్రా?

శుక్రవారం హొసకోటె నుంచి గంగప్ప అనే రైతు వచ్చాడు. కిరణాలు ఒంటికి తగలకుండా బరువైన సీసపు ఏప్రను ఆయన ఛాతీమీద కప్పింది. గురి ఒకటికి రెండుసార్లు చూసుకుంది. "కదలొద్దు, మాట్లాడొద్దు పెద్దాయనా." బటన్ మీద వేలు పెట్టిందో లేదో, లోపల్నుంచి కేక.

వెళ్ళి చూస్తే సెన్సరు ఆయన చేతిలో ఉంది.

"ఏమ్మా, నీ మిషను నన్ను జూసి సిగ్గుపడతా ఉండాదే! నువ్వు అట్ల పోతానే ఇది ఇట్ల తల దించతా ఉండాది."

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!"

"నోట్లో ఇది కుక్కి మాట్లాడొద్దంటివి. యెట్ల చెప్తారు?"

సుగుణమ్మ గొట్టాన్ని మళ్ళీ గురిపెట్టి, ఈసారి కదలకుండా అక్కడే నిలబడింది. అంకెలు లెక్కపెట్టింది. ఆరు అనేసరికి గొట్టం మెల్లగా వాలింది.

కేక విని చైత్ర కూడా వచ్చింది. "అయ్యో, మిషను చేతిలో స్ప్రింగు వదులైంది ఆంటీ. మీ తప్పేం లేదు."

సుగుణమ్మకు ప్రాణం లేచొచ్చింది. అంతలో గంగప్ప ఏప్రను తీసిచ్చాడు. అలవాటుగా దాన్ని మిషను చేతికి తగిలించబోయి, సుగుణమ్మ ఆగిపోయింది. మడిస్తే సీసం చిట్లుతుంది. గదికి రంగులేసినప్పుడు గోడకున్న కొక్కెం ఊడింది, అప్పటి నుంచి రోజూ ఇక్కడే తగిలిస్తోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"డాక్టరమ్మా, స్ప్రింగు వదులు చేసింది నేనే. రోజూ ఈ బరువు దీనికే తగిలించాను."

చైత్ర ఏప్రను వంక చూసింది, చేతి వంక చూసింది. నవ్విందో విసుక్కుందో సుగుణమ్మకు తెలియలేదు.

"మెకానిక్‌ని పిలుస్తాను. సోమవారం ఈయన ఎక్స్‌రే మీరే తీయండి."

"అంతదాంకా ఎందుకమ్మా, నేను పట్టుకుంటాగా!" అన్నాడు గంగప్ప.

"వద్దు పెద్దాయనా, పట్టుకోకూడదు. చేతికి కిరణాలు తగులుతాయి," అంది సుగుణమ్మ.

ఇద్దరూ వెళ్ళిపోయారు. సుగుణమ్మ ఏప్రను భుజాన వేసుకుని గది మధ్య నిలబడింది. మడవకూడదు, తగిలించకూడదు. రోగి కూర్చునే కుర్చీమీద పరిచింది. బయట ఇంకో రోగి పేరు పిలిచారు. మళ్ళీ తీసి భుజానేసుకుంది.